ప్రాజెక్టులో ఉన్న లాంగ్వేజ్ సర్వర్ ఎడిటర్‌కు కనపడాలంటే: ఒక కేస్ స్టడీ

ఒకే రిపాజిటరీ. అందులో పైథాన్ బ్యాకెండ్ సర్వీసులు రెండు, టైప్‌స్క్రిప్ట్ ఫ్రంటెండ్ ఒకటి. ఒక్కో సర్వీసుకూ తన పైథాన్ లైబ్రరీలు విడిగా ఉండే సొంత డాట్‌వెన్వ్ ఫోల్డర్ (వెన్వ్), ఫ్రంటెండ్‌కు దాని ప్యాకేజీలుండే సొంత నోడ్‌మాడ్యూల్స్ ఫోల్డర్. లాంగ్వేజ్ సర్వర్ అంటే ఎడిటర్‌కు కంప్లీషన్లు, ఎర్రర్లు, ఫార్మాటింగ్ వంటివి అందించే విడి ప్రోగ్రామ్. పైథాన్ కోడ్‌ను ఫార్మాట్ చేసే రఫ్, పైథాన్ కంప్లీషన్లు ఇచ్చే పైఎల్‌ఎస్‌పీ, టైప్‌స్క్రిప్ట్ లాంగ్వేజ్ సర్వర్, ఇవన్నీ ప్రాజెక్టు డిపెండెన్సీలుగానే వెర్షన్ పిన్ చేసి లాక్ ఫైల్లో ఉన్నాయి. ఎవరు క్లోన్ చేసి ఇన్‌స్టాల్ చేసుకున్నా అందరికీ అవే వెర్షన్లు రావాలి. బృందంలో కొందరు నియోవిమ్ వాడతారు, కొందరు ఈమాక్స్. డెవలపర్ టూలింగ్ చూసుకోవడం నా పని.

ఇంత పద్ధతిగా కట్టుకున్నా, రివ్యూకు వచ్చే మార్పుల్లో పనికి సంబంధం లేని లైన్లు దూరుతూ ఉండేవి. ఒకరు ఒక ఫంక్షన్ సరిచేస్తారు. డిఫ్ తెరిస్తే అదే ఫైల్లో ఎక్కడెక్కడో ఎఫ్-స్ట్రింగుల లోపలి కోట్లు మారి ఉంటాయి, రెండు ముక్కలుగా రాసిన స్ట్రింగులు ఒకటైపోయి ఉంటాయి. సీఐలో, అంటే ప్రతి మార్పునూ తనంతట తానే పరీక్షించే వ్యవస్థలో, రఫ్ ఫార్మాట్ చెక్ ఫెయిల్ అవుతుంది. 2025 జనవరిలో వచ్చిన రఫ్ 0.9 ఫార్మాటింగ్ శైలిని మార్చింది. ఎఫ్-స్ట్రింగ్ బ్రేసుల లోపలి ఎక్స్‌ప్రెషన్లను కూడా సర్దడం, ఒకే లైన్లో పట్టే పక్కపక్క స్ట్రింగులను కలపడం ఆ మార్పుల్లోనివే. మా ప్రాజెక్టు పిన్ చేసుకున్నది 0.8. సీఐ కూడా అదే నడుపుతుంది. సేవ్ కొట్టినప్పుడు ఎడిటర్ నడిపినది మాత్రం ఆ యంత్రంలో ఎప్పుడో గ్లోబల్‌గా వేసుకున్న కొత్త రఫ్.

ఫ్రంటెండ్‌లో దీనికి తలకిందుల కథ. టైప్‌స్క్రిప్ట్‌లో ‘సాటిస్‌ఫైస్’ ఆపరేటర్ 2022 నవంబర్‌లో, 4.9 వెర్షన్‌తో వచ్చింది. మా కోడ్‌లో అది విరివిగా ఉంది. బిల్డ్ శుభ్రంగా పాసవుతుంది, ఎడిటర్ మాత్రం ఆ పదం కింద ఎర్ర గీత గీస్తుంది. గ్లోబల్ సర్వర్ పక్కనే పాత టైప్‌స్క్రిప్ట్ ఉంది. రూట్‌గా, అంటే ప్రాజెక్టు ఇక్కడ మొదలవుతుందని ఎడిటర్ సర్వర్‌కు చెప్పే ఫోల్డర్‌గా, రిపాజిటరీ పైస్థాయి ఫోల్డర్ వెళ్లేసరికి, దానికింద ఫ్రంటెండ్ లోపల ఉన్న సరైన టైప్‌స్క్రిప్ట్ ఆ సర్వర్ కంటికి ఆనలేదు. చేతికందిన పాతదానితోనే అది పని కానిచ్చింది.

మూడో లక్షణం ఇంకా అయోమయంగా ఉండేది. పైథాన్ ఫైల్లో థర్డ్ పార్టీ లైబ్రరీ పేరు కొట్టి చుక్క పెడితే కొందరికి కంప్లీషన్ వచ్చేది, కొందరికి వచ్చేది కాదు. కాన్ఫిగ్ ఒకటే, ఫైలూ ఒకటే. తేడా ఎడిటర్ తెరిచిన తీరులో ఉంది. టర్మినల్‌లో వెన్వ్ యాక్టివేట్ చేసి అక్కడినుంచి తెరిచినవాళ్లకు వచ్చేది, డెస్క్‌టాప్ ఐకాన్ నొక్కి తెరిచినవాళ్లకు రాదు.

మూడింటికీ మూలం ఒకటే అని ఇక్కడే తేలింది. ఎడిటర్ నడుపుతున్న సర్వర్‌ను తెరిచిన ఫైలు నిర్ణయించడం లేదు, ఎడిటర్ పుట్టినప్పుడు దానికి దక్కిన పాత్ వేరియబుల్ (ప్రోగ్రామ్‌లను వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా) నిర్ణయిస్తోంది. ఈ కేసులో నేను చేసినదంతా ఆ నిర్ణయాన్ని ఫైలు చేతికి మార్చడమే.

వెతకడం ఎవరి పని

లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను 2016 జూన్‌లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి ప్రకటించాయి. ఎడిటరూ సర్వరూ జేసన్ ఆర్‌పీసీ సందేశాలు ఎలా మార్చుకోవాలి, మొదట ‘ఇనిషియలైజ్’లో ఏమేం పంపాలి, చివర్లో ఎలా సెలవు తీసుకోవాలి, అన్నీ అందులో వివరంగా ఉంటాయి. సర్వర్ ప్రోగ్రామ్ డిస్క్ మీద ఎక్కడ ఉంటుంది, ఉన్నవాటిలో ఏది ఎంచుకోవాలి అన్నది ప్రోటోకాల్ పట్టించుకోదు. ఆ పని పూర్తిగా ఎడిటర్‌ది. చాలా ఎడిటర్ కాన్ఫిగ్‌లు ‘రఫ్ సర్వర్’ అని ఒట్టి పేరు రాసి, మిగతాది ఆపరేటింగ్ సిస్టమ్‌కు వదిలేస్తాయి. సిస్టమ్ పాత్‌లోని ఫోల్డర్లను వరసగా చూసి, ఆ పేరుతో మొదట కనపడినదాన్ని నడుపుతుంది.

ఆ పాత్ ఎక్కడినుంచి వస్తుందో చూడాలి. టర్మినల్‌లో తెరిస్తే షెల్ (మన కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) కట్టిన పాత్ మొత్తం వారసత్వంగా వస్తుంది. మాక్‌ఓఎస్‌లో ఐకాన్ నొక్కి తెరిస్తే మధ్యలో షెల్ ఉండదు కనుక షెల్ కాన్ఫిగ్ ఫైళ్లను ఎవరూ చదవరు. యూఎస్‌ఆర్ బిన్, బిన్, యూఎస్‌ఆర్ ఎస్‌బిన్, ఎస్‌బిన్ అనే నాలుగు ఫోల్డర్లు మాత్రమే చేతికొస్తాయి. ఎన్‌వీఎమ్ లాంటి నోడ్ వెర్షన్ మేనేజర్ నిజానికి ఒక షెల్ ఫంక్షన్. షెల్ లేనిచోట దాని ఉనికే లేదు. అందుకే విజువల్ స్టూడియో కోడ్ ఐకాన్ నుంచి తెరిచినప్పుడు తనే లోపల ఒక లాగిన్ షెల్ నడిపి, దాని ఎన్విరాన్‌మెంట్ తెచ్చుకుంటుంది. ఈమాక్స్‌లో ఇదే పనికి ఎగ్జెక్-పాత్-ఫ్రమ్-షెల్ ప్యాకేజీ ఉంది.

ఈమాక్స్ వాడేవారికి ఇంకో సంగతి. అక్కడ ఎగ్జెక్-పాత్ అనే లిస్ప్ వేరియబుల్ వేరు, పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ వేరు. ప్రోగ్రామ్‌ను వెతికేటప్పుడు ఈమాక్స్ మొదటిదాన్ని చూస్తుంది. నడిచిన ప్రోగ్రామ్‌కు వారసత్వంగా వెళ్లేది రెండోది. ఒకటే మారిస్తే సర్వర్ దొరుకుతుంది, ఆ సర్వర్‌కు కావలసినవి మాత్రం దానికి దొరకవు.

పరిశీలించి పక్కన పెట్టినవి

‘ఎప్పుడూ వెన్వ్ యాక్టివేట్ చేసి, ఆ టర్మినల్ నుంచే ఎడిటర్ తెరవండి’ అని నియమం పెట్టడం అన్నిటికంటే తేలిక. రెండు వెన్వ్‌లున్న రిపాజిటరీలో ఇది పనికిరాదు. ఒకసారికి ఒక్కటే యాక్టివ్‌గా ఉంటుంది, ఎడిటర్‌లో మాత్రం రెండు సర్వీసుల ఫైళ్లూ పక్కపక్కనే తెరిచి ఉంటాయి.

పాత్‌లో రిలేటివ్‌గా నోడ్‌మాడ్యూల్స్ డాట్‌బిన్ చేర్చుకోవడం రెండోది. దీన్ని ఇప్పటికీ చాలామంది సలహాగా ఇస్తారు. నేను గట్టిగా వద్దంటాను. రిలేటివ్ దారి ఎడిటర్ ప్రస్తుత డైరెక్టరీకి సంబంధించినది, తెరిచిన ఫైలుకు సంబంధించినది కాదు. కాబట్టి అది సరిగా పనిచేసేది సగం సందర్భాల్లోనే. దానికంటే పెద్ద ముప్పు మరొకటి ఉంది. ఎవరి రిపాజిటరీలోకైనా వెళ్లి మామూలు కమాండ్ కొట్టినా, ఆ రిపాజిటరీలో అదే పేరుతో దాచిన ప్రోగ్రామ్ నడిచే అవకాశం తెరుచుకుంటుంది.

డైరెన్వ్ మాత్రం మంచి పనిముట్టు. ఫోల్డర్‌లోకి వెళ్లగానే ఎన్విరాన్‌మెంట్ మారుస్తుంది, కొత్త కాన్ఫిగ్ ఫైల్ కనపడితే మన అనుమతి అడుగుతుంది. ఈమాక్స్‌లో ఎన్వ్ఆర్‌సీ ప్యాకేజీ దాన్ని బఫర్ బఫర్‌కూ విడిగా అమలు చేస్తుంది. నియోవిమ్‌లో ఎన్విరాన్‌మెంట్ మొత్తం ప్రాసెస్‌కు ఒకటే కనుక రెండు సర్వీసుల చిక్కు అక్కడ అలాగే ఉండిపోతుంది. వాడేవాళ్లను వాడుకోమన్నాం, పరిష్కారాన్ని మాత్రం దాని మీద ఆధారపడనివ్వలేదు.

నియోవిమ్‌లో మేసన్ ప్లగిన్‌తో సర్వర్లు వేసుకున్నవారు బృందంలో ఉన్నారు. అది డిఫాల్ట్‌గా తన బిన్ ఫోల్డర్‌ను పాత్‌కు ముందు చేరుస్తుంది. అంటే మేసన్ రఫ్ ఉంటే మిగతా ఏ రఫ్ అయినా దాని వెనకే. ఆ సెట్టింగ్‌ను ‘అపెండ్’కు మార్చి చివరికి పంపించాం. ప్రాజెక్టు సంబంధం లేని సర్వర్లకు, అంటే ఎడిటర్ కాన్ఫిగ్ రాసుకునే లువా సర్వర్ వంటివాటికి, మేసన్ బాగా సరిపోతుంది.

పెట్టుకున్న నియమం

ఫైలు ఉన్న ఫోల్డర్ నుంచి మొదలుపెట్టి పైకి నడవాలి. ప్రతి మెట్టు దగ్గరా ఆ భాషకు తగిన చోట చూడాలి. పైథాన్ సర్వర్లకు డాట్‌వెన్వ్ లోపలి బిన్, విండోస్‌లో అయితే స్క్రిప్ట్స్. జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్ సర్వర్లకు నోడ్‌మాడ్యూల్స్ లోపలి డాట్‌బిన్. మొదట కనపడిన ఎగ్జిక్యూటబుల్‌ను పూర్తి దారితో తీసుకోవాలి. గిట్ రూట్ దాటి పైకి పోకూడదు. దొరికిన ఫోల్డరే ఆ సర్వర్‌కు రూట్, వర్కింగ్ డైరెక్టరీ కూడా అదే.

మొత్తం పరిష్కారం నిలబడింది ఈ చివరి వాక్యం మీద. అదెందుకో కొంచెం తర్వాత తెలుస్తుంది.

నియోవిమ్‌లో రాయబోతే మొదటి చిక్కు విమ్ ఎఫ్ఎస్ ఫైండ్ ఫంక్షన్ దగ్గర వచ్చింది. పైకి వెతికే సదుపాయం దానికి ఉంది. అయితే దానికి ఇచ్చే పేరు ఒట్టి ఫైలు పేరై ఉండాలని, మధ్యలో స్లాష్ ఉన్న దారికి మద్దతు లేదని దాని డాక్యుమెంటేషన్ చెబుతుంది. పైగా ‘ఇక్కడ ఆగు’ అని చెప్పిన ఫోల్డర్‌ను అది వెతకదు, దానికి ముందే ఆగుతుంది. వర్క్‌స్పేస్‌లుగా పెట్టిన ప్రాజెక్టుల్లో ఎన్‌పీఎమ్ ప్యాకేజీలను గిట్ రూట్‌లోని నోడ్‌మాడ్యూల్స్‌కే చేరుస్తుంది కనుక, ఆ చివరి మెట్టు చూడకపోతే అసలైనదే తప్పిపోతుంది. అందుకని విమ్ ఎఫ్ఎస్ పేరెంట్స్‌తో లూప్ రాసి, ప్రతి ఫోల్డర్‌కూ దారి కలిపి, ఎగ్జిక్యూటబుల్ అవునో కాదో చూశాను. పట్టుమని ఇరవై లైన్లు కూడా లేని ఫంక్షన్.

ఈమాక్స్‌లో ఇదే పని లొకేట్-డామినేటింగ్-ఫైల్ చేస్తుంది. దానికి స్లాష్‌లున్న దారి ఇచ్చినా అర్థం చేసుకుంటుంది, ప్రతి మెట్టు దగ్గరా ఆ దారి కలిపి ఉందో లేదో చూస్తుంది. ఒక లైన్లో అయిపోయింది.

నియోవిమ్ 0.11లో వచ్చిన విమ్ ఎల్‌ఎస్‌పీ కాన్ఫిగ్, ఎనేబుల్ పద్ధతి స్థిరమైన కమాండ్ ఉన్న సర్వర్లకు ఎంతో శుభ్రంగా ఉంటుంది. ఇక్కడ కమాండ్ ఫైలును బట్టి మారుతుంది. కనుక 0.8 నుంచి ఉన్న విమ్ ఎల్‌ఎస్‌పీ స్టార్ట్‌ను ఫైల్‌టైప్ ఆటోకమాండ్ లోపలి నుంచి పిలిచాం. అందులో కమాండ్, రూట్, వర్కింగ్ డైరెక్టరీ, ఎన్విరాన్‌మెంట్ నాలుగూ అప్పటికప్పుడు లెక్కకట్టి ఇవ్వొచ్చు.

127: దొరికింది, కానీ నడవలేదు

నియమం అమల్లోకి వచ్చాక పైథాన్ వైపు వెంటనే కుదురుకుంది. ఫ్రంటెండ్‌లో, ఐకాన్ నుంచి తెరిచినవాళ్లకు మాత్రం సర్వర్ 127 ఎగ్జిట్ కోడ్‌తో ఆగిపోయిందని నియోవిమ్ చెప్పేది. దారి సరైనదే, ఫైలు ఉంది, పర్మిషన్లూ ఉన్నాయి.

మూడు సర్వర్లూ మూడు రకాల ఫైళ్లు కావడమే దీనికి కారణం. రఫ్ నేటివ్ బైనరీ, దానికి ఇంకొకరి తోడు అక్కర్లేదు. డాట్‌వెన్వ్‌లోని పైఎల్‌ఎస్‌పీ ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్. దాని షెబాంగ్ లైన్లో, అంటే స్క్రిప్ట్‌ను దేనితో నడపాలో చెప్పే మొదటి లైన్లో, అదే వెన్వ్‌లోని పైథాన్ పూర్తి దారి ఉంటుంది. అందుకే వెన్వ్ యాక్టివేట్ చెయ్యకుండా ఆ స్క్రిప్ట్‌ను నేరుగా పిలిచినా సరైన లైబ్రరీలతోనే లేస్తుంది. యాక్టివేట్ చెయ్యడం తప్పనిసరి అనే అభిప్రాయం చాలామందిలో ఉంది. అది పాత్‌ను సర్దే సౌకర్యం మాత్రమే. (వెన్వ్ ఫోల్డర్‌ను వేరే చోటికి జరిపితే ఆ పూర్తి దారి చెడిపోయి స్క్రిప్ట్ పడిపోతుంది. జరపకండి, మళ్లీ సృష్టించుకోండి.)

టైప్‌స్క్రిప్ట్ సర్వర్ అలా కాదు. డాట్‌బిన్‌లోని సింబాలిక్ లింక్ ఒక జావాస్క్రిప్ట్ ఫైలుకు పోతుంది. ఆ ఫైలు మొదటి లైన్ ‘ఎన్వ్ నోడ్’ అంటుంది, అంటే నోడ్‌ను పాత్‌లో వెతుక్కోమని. ఐకాన్ నుంచి తెరిచిన ఎడిటర్ పాత్‌లో నోడ్ లేదు. ఎన్వ్ ప్రోగ్రామ్ వెతికి, దొరక్క, 127 ఇచ్చి వెనక్కొచ్చింది. ఇలాంటప్పుడు ఎర్రర్ సర్వర్ పేరు మీద వస్తుంది, నిజంగా లేనిది నోడ్. స్క్రీన్ మీది సందేశంతో ఆగకుండా ఎల్‌ఎస్‌పీ లాగ్ తెరిస్తే, సర్వర్ స్టాండర్డ్ ఎర్రర్‌లో ఆ ముక్క స్పష్టంగా కనిపిస్తుంది.

దీనికి చేసిన విభజనను ఎవరికైనా సిఫారసు చేస్తాను. నోడ్ లాంటి రన్‌టైమ్‌లు యంత్రానికి సంబంధించినవి. ఎడిటర్ లేచినప్పుడు లాగిన్ షెల్‌ను ఒకసారి నడిపి దాని పాత్ తెచ్చుకుంటే చాలు. సర్వర్లు ప్రాజెక్టుకు సంబంధించినవి. వాటిని ఫైలు నుంచి పైకి నడిచి పట్టుకోవాలి. సర్వర్ ప్రాసెస్‌కు ఇచ్చే పాత్‌లో ముందు ఆ దొరికిన బిన్ ఫోల్డర్, తర్వాత షెల్ పాత్. ముందు ఆ ఫోల్డర్ పెట్టడానికి కారణం ఉంది: కొన్ని సర్వర్లు లోపల మళ్లీ ఇతర ప్రోగ్రామ్‌లను పేరుతో పిలుస్తాయి, అవి కూడా ప్రాజెక్టువే కావాలి.

షెల్ నడిపేటప్పుడు ఒక జాగ్రత్త. షెల్ కాన్ఫిగ్‌లో స్వాగత సందేశాలు, వెర్షన్ మేనేజర్ పలకరింపులు ప్రింట్ అవుతుంటాయి. పాత్‌ను రెండు గుర్తుల మధ్య ప్రింట్ చేయించి, ఆ మధ్యది మాత్రమే తీసుకోవాలి. ఇదే కారణంతో సర్వర్‌ను షెల్ స్క్రిప్ట్‌లో చుట్టి నడిపే పద్ధతి నాకు నచ్చదు. సర్వర్ స్టాండర్డ్ అవుట్‌పుట్ అంటే ప్రోటోకాల్ సందేశాలు పోయే దారే. ప్రతి సందేశం ముందూ కంటెంట్ లెంగ్త్ హెడర్ ఉండాలి. చుట్టు స్క్రిప్ట్ అక్కడ ఒక్క పలకరింపు లైన్ ప్రింట్ చేసినా ఎడిటర్‌కు హెడర్ అర్థం కాక సంభాషణ మొదట్లోనే తెగుతుంది.

రెండు వెన్వ్‌లు, ఒకే సర్వర్

రూట్ సంగతి ఇప్పుడు. తొలి రూపంలో రూట్‌గా గిట్ రూట్‌నే ఇచ్చి చూశాం, చాలా ఎడిటర్ కాన్ఫిగ్‌లు అలాగే ఇస్తాయి. మొదటి సర్వీసు ఫైలు తెరిస్తే దాని వెన్వ్‌లోని పైఎల్‌ఎస్‌పీ లేచింది. తర్వాత రెండో సర్వీసు ఫైలు తెరిచాం. వెతికే ఫంక్షన్ రెండో వెన్వ్ దారినే సరిగ్గా ఇచ్చింది. అయినా కంప్లీషన్లు మొదటి సర్వీసు లైబ్రరీలవే వచ్చాయి.

విమ్ ఎల్‌ఎస్‌పీ స్టార్ట్ కొత్త ప్రాసెస్ లేపే ముందు, ఉన్న క్లయింట్‌నే (నడుస్తున్న సర్వర్‌తో ఎడిటర్ పెట్టుకున్న కనెక్షన్) వాడొచ్చా అని చూస్తుంది. డిఫాల్ట్‌గా అది పోల్చేది పేరును, రూట్‌ను. కమాండ్‌ను పోల్చదు. పేరు ఒకటే, గిట్ రూట్ ఒకటే కనుక రెండో ఫైలును మొదటి సర్వర్‌కే అంటించింది. ఎర్రర్ ఏదీ ఉండదు. తెరిచిన వరస మారితే ఫలితం మారుతుంది. ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా కనిపించే ఇలాంటి లోపాలే మనుషుల చేత పనిముట్ల మీద నమ్మకం వదిలేయిస్తాయి.

సర్వర్ దొరికిన ఫోల్డరే రూట్ అని పెట్టగానే ఇది తనంతట తాను పోయింది. వెన్వ్ వేరైతే రూట్ వేరు, రూట్ వేరైతే క్లయింట్ వేరు. ఫ్రంటెండ్‌లోనూ ఇది కలిసొచ్చింది. రూట్ సరైన ఫోల్డర్‌కు దిగేసరికి సర్వర్‌కు పక్కనే ఉన్న టైప్‌స్క్రిప్ట్ కనపడి, ‘సాటిస్‌ఫైస్’ కింద ఎర్ర గీత మాయమైంది. రూట్ లోతుకు దిగితే టీఎస్‌కాన్ఫిగ్ (టైప్‌స్క్రిప్ట్ సెట్టింగుల ఫైలు) తప్పిపోతుందేమోనన్న అనుమానం కొందరు వెలిబుచ్చారు. తెరిచిన ప్రతి ఫైలుకూ దగ్గరి టీఎస్‌కాన్ఫిగ్‌ను టైప్‌స్క్రిప్ట్‌లోని టీఎస్‌సర్వరే వెతుక్కుంటుంది కనుక ఆ చిక్కు రాలేదు.

ఈమాక్స్ వైపు

ఈమాక్స్ 29 నుంచి, లాంగ్వేజ్ సర్వర్లతో మాట్లాడే ఎగ్లాట్ ప్యాకేజీ లోపలే వస్తుంది. ఎగ్లాట్-సర్వర్-ప్రోగ్రామ్స్‌లో కమాండ్ జాబితాకు బదులు ఫంక్షన్ కూడా ఇవ్వొచ్చు. ఆ ఫంక్షన్ పైకి నడిచి, పూర్తి దారి తిరిగి ఇస్తుంది. ఎన్విరాన్‌మెంట్ కోసం కమాండ్ ముందు ‘ఎన్వ్’ పెట్టి కొత్త పాత్‌ను ఆర్గ్యుమెంట్‌గా రాశాం. బఫర్ లోకల్ వేరియబుల్స్ ప్రాసెస్ దాకా చేరతాయా లేదా అన్న ప్రశ్నే తలెత్తదు.

అక్కడ రూట్ ప్రాజెక్ట్ డాట్ ఈఎల్ నుంచి వస్తుంది, అది మామూలుగా గిట్ రూట్‌నే ఇస్తుంది. 29లో వచ్చిన ప్రాజెక్ట్-వీసీ-ఎక్స్‌ట్రా-రూట్-మార్కర్స్‌లో పైప్రాజెక్ట్ టామల్, ప్యాకేజ్ జేసన్ చేర్చాం. దీనికి ఒక మూల్యం ఉంది. ప్రాజెక్టులో ఫైలు వెతికే కమాండ్ కూడా ఇప్పుడు ఆ సర్వీసు వరకే వెతుకుతుంది, రిపాజిటరీ అంతా కాదు. ఈమాక్స్ వాడేవారితో ముందుగా మాట్లాడి, మొత్తం రిపాజిటరీలో వెతకడానికి వేరే కీ ఇచ్చాం. చెప్పకుండా చేసి ఉంటే పరిష్కారమే ఫిర్యాదుగా మారేది.

ఎగ్లాట్ ఒక బఫర్‌కు ఒక సర్వర్‌నే నడుపుతుంది. నియోవిమ్‌లో రఫ్, పైఎల్‌ఎస్‌పీ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఈమాక్స్‌లో పైఎల్‌ఎస్‌పీకే రఫ్ ప్లగిన్ పెట్టాం. ఆ ప్లగిన్ కూడా అదే డాట్‌వెన్వ్‌లో డిపెండెన్సీగా ఉండాలి. పైఎల్‌ఎస్‌పీ తన ప్లగిన్లను తన పైథాన్ ఎన్విరాన్‌మెంట్‌లోనే చూస్తుంది, గ్లోబల్‌గా వేసిన ప్లగిన్ వెన్వ్‌లోని సర్వర్‌కు కనపడదు. డాక్యుమెంటేషన్ చదివి కాన్ఫిగ్ పక్కాగా రాసినా ప్లగిన్ పనిచెయ్యదంటే చాలాసార్లు కారణం ఇదే.

దొరక్కపోతే ఏం చెయ్యాలి

బృందంలో ఎక్కువ చర్చ దీని మీదే జరిగింది. ప్రాజెక్టులో సర్వర్ దొరక్కపోతే గ్లోబల్‌ది వాడొచ్చు కదా, ఏమీ లేకపోవడం కంటే ఏదో ఒకటి నయం కదా అన్నారు కొందరు. ఫైలును మార్చే సర్వర్ల విషయంలో దీనికి నేను ఒప్పుకోలేదు. ఈ కేసు మొత్తం పుట్టిందే అక్కడ. వేరే వెర్షన్ ఫార్మాటర్ నిశ్శబ్దంగా పనిచెయ్యడం కంటే అసలు పనిచెయ్యకపోవడం మేలు. పనిచెయ్యకపోతే ఆ క్షణమే తెలుస్తుంది. వేరేది పనిచేస్తే రివ్యూలో, సీఐలో, ఇంకొకరి మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్‌లో తెలుస్తుంది.

అందుకని రఫ్ దొరక్కపోతే నడపం. ఏ ఫోల్డర్ నుంచి ఏ ఫోల్డర్ వరకు ఏ పేరుతో వెతికామో ఒక లైన్లో చూపిస్తాం. ఇన్‌స్టాల్ మర్చిపోయిన కొత్తవారికి ఆ లైనే దారి చూపుతుంది. మార్కప్, షెల్ స్క్రిప్ట్‌ల సర్వర్లకు మాత్రం గ్లోబల్ ఫాల్‌బ్యాక్ ఉంచాం. అవి ప్రాజెక్టు వెర్షన్‌తో ముడిపడినవి కావు.

ఎవరి ప్రోగ్రామ్ నడుపుతున్నాం

ప్రాజెక్టు ఫోల్డర్లోని ప్రోగ్రామ్‌ను ఎడిటర్ దానంతటదే నడపడం అంటే, ఆ ప్రాజెక్టు రాసినవారి కోడ్‌ను మన యంత్రం మీద మన అధికారాలతో నడపడమే. నోడ్‌మాడ్యూల్స్‌ను మామూలుగా గిట్‌లో పెట్టరు కనుక క్లోన్ చేసిన వెంటనే అక్కడ ఏమీ ఉండదని అనుకుంటాం. పెట్టకూడదని గిట్ ఆపదు. టైప్‌స్క్రిప్ట్ సర్వర్ పేరుతో ఒక స్క్రిప్ట్‌ను డాట్‌బిన్‌లో కమిట్ చేసి ఉంచితే, చదవడానికని ఒక ఫైలు తెరవడమే దాన్ని నడపడం అవుతుంది.

విజువల్ స్టూడియో కోడ్‌లో 2021లో వర్క్‌స్పేస్ ట్రస్ట్ వచ్చింది ఇలాంటి ముప్పు కోసమే. నియోవిమ్ 0.9లో ప్రాజెక్టు కాన్ఫిగ్ ఫైళ్లకు ట్రస్ట్ వ్యవస్థ ఉంది, కానీ అది ఆ ఫైళ్లకే. మన ఫంక్షన్ నడిపే బైనరీలకు అది వర్తించదు. కాబట్టి మనమే పెట్టుకోవాలి. నమ్మదగిన పేరెంట్ ఫోల్డర్ల చిన్న జాబితా ఒకటి ప్రతి ఒక్కరి కాన్ఫిగ్‌లో ఉంటుంది. ఆ ఫోల్డర్ల కింది ప్రాజెక్టుల్లోనే లోకల్ సర్వర్ లేస్తుంది. పోల్చే ముందు సింబాలిక్ లింకులన్నీ విప్పి అసలు దారిని పోలుస్తాం. చదివి వదిలేసే క్లోన్లు వేరే ఫోల్డర్లో పడతాయి, అక్కడ ఏదీ నడవదు. ఈ ఒక్క భాగాన్ని మాత్రం తర్వాత చేద్దామని వదలవద్దని ఇలాంటిది కట్టుకునే ప్రతి ఒక్కరినీ కోరుతున్నాను.

ఏది నడుస్తోందో చూడటం

నియోవిమ్‌లో చెక్‌హెల్త్ విమ్ ఎల్‌ఎస్‌పీ అని కొడితే నడుస్తున్న క్లయింట్లు, వాటి కమాండ్, రూట్ కనిపిస్తాయి. ఎగ్లాట్‌లో ఈవెంట్స్ బఫర్ తెరిస్తే సందేశాలన్నీ ఉంటాయి. ప్రోటోకాల్ 3.15 నుంచి ఇనిషియలైజ్ జవాబులో సర్వర్ తన పేరూ వెర్షనూ చెప్పుకోవచ్చు, చాలా సర్వర్లు చెబుతున్నాయి. దారి చూసి వెర్షన్ ఊహించుకోవడం కంటే ఆ జవాబు చదవడం నమ్మకం. లినక్స్‌లో, నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ ఫోల్డర్లో చూసేవారు ఒకటి గమనించాలి. నోడ్ మీద నడిచే సర్వర్‌కు ఎగ్జిక్యూటబుల్ లింక్ ఎప్పుడూ నోడ్‌నే చూపిస్తుంది, సర్వర్ దారి కావాలంటే కమాండ్ లైన్ చూడాలి.

సీఐలో ఒక పరీక్ష చేర్చాం. నియోవిమ్‌ను హెడ్‌లెస్‌గా, పాత్‌ను కనీస స్థాయికి కుదించి తెరుస్తుంది. రెండు సర్వీసుల నుంచి ఒక్కో ఫైలు తెరిచి, అంటుకున్న క్లయింట్ కమాండ్ ఆయా వెన్వ్ దారితోనే మొదలవుతోందా అని చూస్తుంది. ఫైళ్లు తెరిచే వరసను తిప్పి మళ్లీ చూస్తుంది. పాత్ కుదించకపోతే ఈ పరీక్షకు విలువ లేదు, గ్లోబల్‌గా ఏదో దొరికి పాసైపోతుంది.

అమల్లోకి వచ్చాక సంబంధం లేని ఫార్మాటింగ్ మార్పులు రివ్యూల్లోంచి పోయాయి. రఫ్ వెర్షన్ పెంచాలనుకున్నప్పుడు అదొక విడి కమిట్‌గా, అందరికీ ఒకేసారి జరిగింది.

మిగిలినవి

నడుస్తున్న సర్వర్ పాతబడటం ఒకటి ఉంది. బ్రాంచ్ మార్చి డిపెండెన్సీలు సింక్ చేస్తే డిస్క్ మీద బైనరీ మారుతుంది, లేచి ఉన్న ప్రాసెస్ మాత్రం పాతదే. లినక్స్‌లో ఆ ప్రాసెస్ ఎగ్జిక్యూటబుల్ లింక్ పక్కన ‘డిలీటెడ్’ అని కూడా కనిపిస్తుంది. ఎన్‌పీఎమ్ సీఐ కమాండ్ నోడ్‌మాడ్యూల్స్‌ను మొత్తం తీసేసి మళ్లీ వేస్తుంది కనుక అక్కడ సర్వర్ సగం ఫైళ్లు దొరక్క వింతగా ప్రవర్తించవచ్చు. ఎడిటర్ విండో ముందుకు వచ్చిన ప్రతిసారీ సర్వర్ ఫైలు మార్పు సమయం పోల్చి, మారితే ‘రీస్టార్ట్ చెయ్యనా’ అని అడిగేలా చేశాం. అడగకుండా రీస్టార్ట్ చెయ్యడం లేదు. పెద్ద ప్రాజెక్టులో సర్వర్ మళ్లీ ఇండెక్స్ చేసుకునే సమయం పనిచేసేవారిది.

రస్ట్ ప్రాజెక్టులకు ఈ పైకి నడిచే పద్ధతి వర్తించదు. కార్గో బిన్‌లో కనిపించే రస్ట్ అనలైజర్ నిజానికి రస్టప్ (రస్ట్ వెర్షన్లను చూసుకునే పనిముట్టు) పెట్టిన ప్రాక్సీ. అది వర్కింగ్ డైరెక్టరీ నుంచి టూల్‌చెయిన్ ఫైలు చూసి అసలు బైనరీని ఎంచుకుంటుంది. ఆ టూల్‌చెయిన్‌కు రస్ట్ అనలైజర్ కాంపోనెంట్ వెయ్యకపోతే, ప్రోగ్రామ్ ఉన్నట్టే కనిపించి లేచిన వెంటనే ఆగిపోతుంది. అక్కడ ఎడిటర్ చెయ్యాల్సిందల్లా వర్కింగ్ డైరెక్టరీని సరైన ప్రాజెక్టు రూట్‌కు పెట్టడం.

విండోస్‌లో డాట్‌బిన్ లోపల సీఎండీ పొడిగింపు ఉన్న ఫైలు పేరునే పూర్తిగా ఇవ్వాలి. షెల్ లేకుండా ప్రాసెస్ లేపేటప్పుడు పొడిగింపు లేని పేరు పనిచెయ్యదు.

కంటైనర్ లోపల సర్వర్, బయట ఎడిటర్ అనే అమరిక ఇంకా తలకెత్తుకోలేదు. అందులో ఫైలు దారులను రెండువైపులా తర్జుమా చెయ్యడమే కాక, ఇనిషియలైజ్‌లో ఎడిటర్ పంపే ప్రాసెస్ ఐడీ సంగతీ చూడాలి. ఆ ప్రాసెస్ బతికి లేదనిపిస్తే సర్వర్ ఆగిపోవాలని ప్రోటోకాల్ చెబుతుంది. కంటైనర్ లోపల ఆ నంబర్‌తో ప్రాసెస్ ఉండదు కనుక సర్వర్ లేచి, చూసి, తనను తాను ముగించుకుంటుంది. ఆ విలువను నల్‌గా పంపడంతో మొదలుపెట్టాలని అనుకుంటున్నాం.